సహాయ పాత్రలో అధికార స్వరూపం: ఎస్.వి. రంగారావు నటన – ఒక పరిశీలన

మన సినిమా చరిత్రలు దాదాపుగా కథానాయకుల చరిత్రలే. అబిడ్స్‌లో ఆదివారంనాడు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో సినిమా పత్రికలు తిరగేసి చూడండి. ముఖచిత్రం నాయకుడిదో నాయికదో అయివుంటుంది. కథ బరువును నిజంగా మోసిన నటుల పేర్లు లోపలి పేజీల్లో, చివరి పంక్తుల్లో కనిపిస్తాయి. వాళ్లను మనం ‘సహాయ నటులు’ అంటున్నాం. ఎవరికి సహాయం? కథకా, కథానాయకుడికా?

ఈ ప్రశ్న సినిమావాళ్లకంటే రచయితలకు ఎక్కువ అవసరం. కథలో నాయకుడు మన ఆశను మోస్తాడు. అతని చుట్టూ వున్న పాత్రలు సమాజాన్ని మోస్తాయి. జమీందారు, షావుకారు, తండ్రి, మామ, సేనాపతి, రౌడీ - వీళ్లు సజీవంగా లేకపోతే నాయకుడు పోరాడేది దేనితో? గాలితోనే.

ఈ దృష్టితో పరిశీలించదగిన నటుడు ఎస్.వి. రంగారావు (1918–1974). రాక్షసుడు, మాంత్రికుడు, చక్రవర్తి, రౌడీ, జమీందారు, తండ్రి, తాత - అన్ని రకాల పాత్రలూ వేశాడని అందరూ అంటారు. నిజమే. కాని జాబితా విమర్శ కాదు. ఆ వైవిధ్యం దేనిలో వుంది, ఎలా సాధ్యమైంది అన్నదే విమర్శ చూడవలసిన విషయం. ఈ వ్యాసం ప్రతిపాదించేది ఒక్కటే: రంగారావు ఎక్కువగా ధరించినవి అధికారం వున్నవాళ్ల పాత్రలు. ఆ అధికారం మనిషిలో ఏ కోరికగా, ఏ భయంగా వుంటుందో అతను ప్రతి పాత్రలోనూ వేరువేరుగా చూపాడు. వైవిధ్యమంతా అక్కడినుంచి పుట్టింది.

వేషం మారడం వేరు, మనిషి మారడం వేరు

పాత్ర వైవిధ్యానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది నటుడు తనను పూర్తిగా చెరిపేసుకోవడం. బ్రిటిష్ నటుడు అలెక్ గిన్నెస్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. 1949లో వచ్చిన ‘కైండ్ హార్ట్స్ అండ్ కారొనెట్స్’లో ఒకే కులీన కుటుంబానికి చెందిన ఎనిమిదిమందిగా అతనొక్కడే కనిపిస్తాడు. ఆ ఎనిమిదిమందిలో ఒక స్త్రీ కూడా వుంది. ముఖంలో కొట్టవచ్చే ప్రత్యేకత లేకపోవడమే అతని బలం. ఖాళీ పలకమీద ఏ అక్షరమైనా రాయవచ్చు.

రంగారావుకు ఈ మార్గం లేదు. ఆ భారీ విగ్రహాన్ని ఏ అలంకరణా దాచలేదు. ఆ కంఠాన్ని కళ్లు మూసుకుని కూడా గుర్తుపట్టవచ్చు. తెరమీదికి రాగానే ప్రేక్షకుడికి ‘రంగారావు వచ్చాడు’ అని తెలిసిపోతుంది. అయినా రెండు నిమిషాల్లో రంగారావు పోయి ఘటోత్కచుడో కీచకుడో మిగులుతాడు. దేహం మారకుండా మనిషి మారాలంటే మార్పు లోపలినుంచి రావాలి. నడకలో, చూపు నిలిపే కాలంలో, మాటకూ మాటకూ మధ్య విరామంలో రావాలి. రచయితలకు అతను ఎక్కువ ఉపయోగపడేది ఇక్కడే. మనకూ కాగితంమీద అలంకరణ సామగ్రి లేదు. వున్నది మాట ఒక్కటే.

తయారయిన తీరు

1918 జూలై 3న నూజివీడులో పుట్టిన రంగారావు వంశపారంపర్యంగా నాటకాలవాడు కాదు. చదువుకున్న ఉద్యోగస్తుల కుటుంబం. కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో పాల్గొన్నాడు. ఇంగ్లీషులో షేక్‌స్పియర్ పాత్రలూ ధరించాడు. అగ్నిమాపక శాఖలో అధికారిగా పనిచేశాడు. ‘వరూధిని’ సినిమాలో ప్రవరుడుగా వేస్తే చిత్రం విఫలమైంది. మళ్లీ ఉద్యోగానికి వెళ్లి జంషెడ్‌పూర్‌లో టాటా కంపెనీలో కొంతకాలం పనిచేశాడు. నాయకుడుగా ప్రవేశించి, ఓడిపోయి, ఉద్యోగం చేసుకుని, సహాయ పాత్రలకు తిరిగివచ్చిన మనిషి ఇతను. ఆఫీసుల్లో అధికారి ఎలా కూర్చుంటాడో, కిందివాడు ఎలా నిలబడతాడో ఉద్యోగిగా చూసినవాడు.

మరొక విషయం సాహిత్య విద్యార్థులు గుర్తుంచుకోవాలి. రంగారావు కథలు కూడా రాశాడు. అవి పత్రికల్లో వచ్చాయి, తర్వాతికాలంలో పుస్తకంగానూ వెలువడ్డాయి. పాత్రను లోపలినుంచి చూడడం అతనికి కలంతోనూ అలవాటే.

రౌడీ, మాంత్రికుడు

విజయావారి మొదటి చిత్రం ‘షావుకారు’ (1950)లో అతను సున్నపు రంగడు. పల్లెటూళ్లో డబ్బున్నవాడి పనికి అమ్ముడుపోయే రౌడీ. ఇది అధికారం వున్న పాత్ర కాదు, అధికారానికి అద్దెకిచ్చిన కండ. గోవిందరాజుల సుబ్బారావు ధరించిన షావుకారు చెంగయ్య అరవవలసిన పనిలేదు. అరిచే పని రంగడిది. గ్రామంలో దౌర్జన్యానికి ఒక యజమానీ ఒక కూలీ వుంటారన్న సంగతి ఉపన్యాసం లేకుండానే ఆ ఇద్దరి నటనలో తెలిసిపోతుంది.

మరుసటి ఏడు ‘పాతాళభైరవి’ (1951). కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన. నేపాళ మాంత్రికుడికి ఒక సాహసవంతుడు బలికి కావాలి. అందువల్ల తోట రాముణ్ణి బెదిరించడు, మెచ్చుకుంటాడు, ఆశపెడతాడు. ‘డింభకా’ అన్న ఒక్క పిలుపులో గురువు వాత్సల్యమూ, కసాయివాడి లెక్కా రెండూ వినిపించేట్టు పలకడం రంగారావు సాధించిన విషయం. పింగళి మాట ఇచ్చాడు, రంగారావు ఆ మాటకు సాగతీత, విరుపు, గొంతులో చిన్న జీర ఇచ్చాడు. పీడించేవాడు ఎప్పుడూ కొరడాతో రాడు, తరచు ప్రశంసతోనే వస్తాడన్న సత్యం ఈ జానపద కథలో వుంది. చివరికి మాంత్రికుడు పడిపోయేదీ కోరికవల్లనే. రాకుమారి మెప్పుకోసం తన శక్తికి నిలయమైన గడ్డాన్ని తీయించుకుంటాడు. అంతవరకూ భయపెట్టిన మనిషి అద్దం ముందు నిలబడ్డ పెళ్లికొడుకులా మారిపోవడం చూసి నవ్వుతాం. నవ్వుతూనే అధికారానికి వున్న కీలు ఎక్కడుందో తెలుసుకుంటాం.

కోటయ్య

‘బంగారు పాప’ (1955) రంగారావు నటజీవితంలోనే కాదు, తెలుగు సాహిత్య-సినిమా సంబంధంలోనూ ప్రత్యేకమైన చిత్రం. ఇంగ్లీషు నవలా రచయిత్రి జార్జ్ ఎలియట్ 1861లో ప్రచురించిన ‘సైలస్ మార్నర్’ దీనికి మూలం. బి.ఎన్. రెడ్డి దర్శకుడు. ‘గాలివాన’ కథతో 1952లో అంతర్జాతీయ పోటీలో బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజు రచనలో తోడయ్యాడు. ఆ ఏడు ఉత్తమ తెలుగు చిత్రంగా రాష్ట్రపతి రజత పతకం దీనికే వచ్చింది.

ఎలియట్ నవలలో నాయకుడు ఒక నేతగాడు. చేయని దొంగతనం మోపబడి, మనుషులమీద నమ్మకం పోయి, బంగారు నాణేలు లెక్కపెట్టుకుంటూ బతుకుతాడు. తెలుగులో కోటయ్య కూడా అన్యాయంగా నేరం మోపబడ్డవాడే. జైలునుంచి బయటికి వచ్చేసరికి అతనిలో పగ తప్ప ఏమీ మిగలదు. అలాంటి మొరటు మనిషి చేతికి దిక్కులేని పసిపాప దొరుకుతుంది.

ఇక్కడ రంగారావు దేహాన్ని ఎలా వాడుకున్నాడో చూడండి. ఇతర చిత్రాల్లో ఆ దేహం అధికారానికి గుర్తు. ఇక్కడ అదే దేహం భారం. దాన్ని ఏం చేయాలో తెలియని మనిషి కోటయ్య. పసిబిడ్డను ఎత్తుకున్నప్పుడు అంతటి మనిషీ భయపడతాడు. తన బలమే బిడ్డకు దెబ్బ అవుతుందేమోనన్న భయం. మొరటుతనం ఒక్కసారిగా కరిగిపోదు, చేతుల్లో ముందు కరుగుతుంది, గొంతులో తర్వాత, చూపులో చివరికి. పేదవాడి క్రౌర్యం పుట్టుకతో వచ్చింది కాదు, అన్యాయం దాన్ని తయారుచేసింది, బాధ్యత దాన్ని పోగొట్టింది అన్నది ఎలియట్ మానవతావాదం. దాన్ని తెలుగు నేలమీద నమ్మించినవాడు రంగారావు.

ఘటోత్కచుడు, కీచకుడు

1957లో ‘మాయాబజార్’. ఘటోత్కచుడు అడవిలో పుట్టిన రాక్షసుడు. కౌరవులు నాగరికులు. కథలో కపటమంతా నాగరికుల వైపు, సూటిదనం అడవివాడి వైపు వుంటాయి. ఈ తారుమారును ప్రేక్షకుడు నమ్మాలంటే రాక్షసుడి గర్జనకింద పసివాడు కనబడాలి. ముందు అభిమన్యుడితో యుద్ధానికి దిగుతాడు. అతను తమ్ముడని తెలియగానే సుభద్ర ముందు వినయంగా ఒదిగిపోతాడు. అంత పెద్ద కిరీటం, గద, మీసం వున్న మనిషి పినతల్లి ముందు కుర్రవాడవుతాడు. వివాహ భోజనం దృశ్యంలో పాట మాధవపెద్ది సత్యంది. కాని ఆ ఆకలి, ఆ ఆనందం పూర్తిగా రంగారావువి. అందులో లోభం లేదు. పిల్లవాడు పండగనాడు పిండివంటలు చూసినట్టు చూస్తాడు.

ఈ పాత్ర ఎంత స్పష్టంగా రూపొందిందో చెప్పడానికి మరొక నటి సాక్ష్యం వుంది. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించిన తర్వాత తెరమీద కనిపించేది సావిత్రి. ఆమె శశిరేఖగా వున్న ఘటోత్కచుణ్ణి నటించాలి. అడుగు, భుజం విరుపు, హఠాత్తుగా ముఖంలోకి వచ్చే గర్వం - వీటితో ఆమె ఆ పని చేసింది. ఒక నటుడు సృష్టించిన స్వభావాన్ని మరొకరు అందుకుని కొనసాగించగలిగారంటే, అది వ్యక్తి ఆకర్షణ కాదు, కచ్చితమైన పాత్ర నిర్మాణం. తార ఆకర్షణను ఎవరూ అరువు తెచ్చుకోలేరు. పాత్రను తెచ్చుకోవచ్చు.

ఆరేళ్ల తర్వాత ‘నర్తనశాల’ (1963), దర్శకుడు కమలాకర కామేశ్వరరావు. తిక్కన విరాటపర్వం చదివిన విద్యార్థులకు కీచకుడి ఘట్టం కొత్తకాదు. కీచకుడు రాజు బావమరిది, సేనాపతి, ఆ రాజ్యంలో అసలు బలం. రాణి కొలువులో దాసిగా వున్న సైరంధ్రిని కోరుకుంటాడు. ఆ కోరికకు అడ్డుచెప్పగల శక్తి ఆ కొలువులో ఎవరికీ లేదు. అక్క సుధేష్ణే భయపడి ఆమెను పంపుతుంది.

ఈ పాత్రను కామాంధుడుగా ఒక్కరంగులో చిత్రించడం సులభం. రంగారావు అలా చేయలేదు. అతని కీచకుడికి ‘కాదు’ అన్న మాట అర్థం కాదు. జీవితంలో ఎన్నడూ వినని మాట అది. తిరస్కారం ఎదురైనప్పుడు ముందు కోపం రాదు, ఆశ్చర్యం వస్తుంది. దాసికి ఇష్టాయిష్టాలుంటాయా అన్న ఆశ్చర్యం. భూస్వామ్య వ్యవస్థలో పనిమనిషిమీద యజమాని కన్ను పడడం వెనుక వున్న మనస్తత్వం ఇదే. అది ఒక మనిషి దుర్గుణం మాత్రమే కాదు, అలవాటైన హక్కు. చివరికి నర్తనశాలలోకి సంబరంగా, ప్రియురాలి దగ్గరికి వెళుతున్నట్టు వెళతాడు. అక్కడ వేచివున్నది భీముడు. వెయిట్‌లిఫ్టర్ దండమూడి రాజగోపాల్ ధరించిన భీముడితో ద్వంద్వయుద్ధంలో కీచకుడు మరణిస్తాడు. చప్పట్లు కొడుతూనే ప్రేక్షకుడు ఒక విషయం గ్రహిస్తాడు. కీచకుడు భీముడి చేతిలో చనిపోవడానికి ముందే, తన బలం మీద తనకున్న నమ్మకం చేతిలో చనిపోయాడు.

ఈ పాత్రకు జకార్తాలో 1964లో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. వలసపాలన నుంచి బయటపడుతున్న దేశాల ప్రతినిధులు కూర్చుని, తెలుగు తెలియకపోయినా, ఆ కీచకుణ్ణి గుర్తుపట్టారు. అధికార మదానికి అనువాదం అక్కరలేకపోయింది. మన దేశంలో మాత్రం సహాయ నటుడికి జాతీయ అవార్డు అన్న విభాగమే 1984 సినిమాలతో మొదలైంది. అప్పటికి రంగారావు చనిపోయి పదేళ్లు.

తండ్రులు, జమీందార్లు

సాంఘిక చిత్రాల్లో అతని వయసు సంగతి విచిత్రమైనది. ‘గుండమ్మ కథ’ (1962)లో ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఇద్దరికీ అతను తండ్రి. వాళ్లిద్దరికంటే అతను పెద్ద అయింది అయిదారేళ్లే. నాయకుడు ఎప్పటికీ యువకుడుగా వుండాలని పరిశ్రమ కోరుకుంటుంది. ఆ కోరిక తీరాలంటే ఎవరో ఒకరు ముందుగా ముసలివాడు కావాలి. నాయకుడి యౌవనాన్ని నిలబెట్టేది సహాయ నటుడి నెరిసిన జుట్టు. ఇది శ్రమ విభజనలో ఒక అన్యాయమైన పంపకం. రంగారావు దాన్ని కళగా మార్చుకున్నాడు.

‘మిస్సమ్మ’ (1955)లో జమీందారు పాత్ర చూడండి. తప్పిపోయిన కూతురి పేరుమీద పల్లెలో బడి నడుపుతాడు. దానికి బి.ఏ. చదివిన దంపతులు కావాలంటాడు. ఉద్యోగంకోసం పెళ్లికాని ఇద్దరు నిరుద్యోగులు దంపతులుగా నటించవలసివస్తుంది. మంచివాడే, అమాయకుడే. కాని అతని మంచితనం కూడా ఇతరులమీద షరతుగా పడుతుంది. రంగారావు ఈ పాత్రలో గొంతు పెంచడు. ఎదుటివాడు వింటాడా లేదా అన్న అనుమానమే లేని నిదానంతో మాట్లాడతాడు. అరిచే జమీందారుకంటే అరవవలసిన అవసరం లేని జమీందారే వాస్తవానికి దగ్గర.

పురాణాల్లోనూ తండ్రి వున్నాడు. ‘భక్త ప్రహ్లాద’ (1967)లో హిరణ్యకశిపుడు కొడుకుమీద ప్రేమ లేని రాక్షసుడు కాదు. ప్రేమ వుంది, రాజ్యాధికారమూ వుంది, రెండూ ఒకే మనిషిలో ఇరుక్కున్నాయి. ఆజ్ఞ ఇచ్చిన గొంతే వణుకుతుంది. ‘తాత మనవడు’ (1973)లో ఈ తండ్రి చివరి దశకు చేరాడు. దాసరి నారాయణరావు మొదటి చిత్రమది. కొడుకు నిరాదరణకు గురైన ముసలివాడిగా, ఏ అధికారమూ మిగలని మనిషిగా రంగారావు కనిపిస్తాడు. జీవితమంతా సింహాసనాలమీద కూర్చున్న దేహం ఇంట్లో చోటు లేక ముడుచుకోవడం చూసినప్పుడు, కుటుంబంలో గౌరవం ఎంతవరకు ప్రేమవల్ల, ఎంతవరకు ఆస్తివల్ల అన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది.

ఒక ఆక్షేపణ

అభ్యుదయ దృక్పథంనుంచి ఒక ఆక్షేపణ రావచ్చు, రావాలి కూడా. రాజులను, జమీందార్లను ఇంత ఆకర్షణీయంగా చూపడం భూస్వామ్యానికి అందం తొడగడం కాదా? ‘బొబ్బిలి యుద్ధం’ (1964)లో తాండ్ర పాపారాయుడి పౌరుషానికి చప్పట్లు కొట్టిన ప్రేక్షకుడు ఆ పౌరుషం ఎవరికోసమని అడిగాడా?

ఈ ఆక్షేపణలో సగం నిజం వుంది. ఆ నిజం ఎక్కువగా కథలకు, వాటిని తయారుచేసిన పరిశ్రమకు చెందుతుంది. కోటయ్యలాంటి పాత్రలు ఇంకా ఎన్నో రావలసింది, రాలేదు. పెద్ద జుబ్బా, పెద్ద మేడ, ఒక కూతురు, ఒక గుండెపోటు - ఈ అచ్చులో పోసిన తండ్రి పాత్రలు చాలా వచ్చాయి. వాటిలో రంగారావు కూడా కొన్నిచోట్ల అలవాటుగా నడిచాడు. ‘చదరంగం’ (1967), ‘బాంధవ్యాలు’ (1968) చిత్రాలకు తానే దర్శకత్వం వహించినా కుటుంబ కథ ఆవరణ దాటలేదు.

కాని మిగిలిన సగంతో ఏకీభవించలేం. అధికారం ఆకర్షణ లేకుండా బతకదు. ప్రజలు పీడకుడికి లొంగేది కేవలం భయంవల్ల కాదు, అతని ఠీవికి, మాటకు, దయకు కూడా లొంగుతారు. ఆ ఆకర్షణను దాచిపెట్టిన రచన శత్రువును తక్కువ అంచనా వేస్తుంది. నేపాళ మాంత్రికుడి ప్రశంసకు రాముడితోపాటు మనమూ ఒక క్షణం లొంగుతాం. ఆ క్షణమే మనకు పాఠం.

రచయితలకు మిగిలేది

మన అభ్యుదయ కథల్లో భూస్వామి పాత్రలను నిజాయితీగా పరిశీలిద్దాం. చాలా కథల్లో అతనికి మీసం వుంటుంది, చుట్ట వుంటుంది, అప్పుపత్రం వుంటుంది. కోరిక వుండదు, భయం వుండదు. రాత్రి నిద్రపట్టనప్పుడు అతను ఏం ఆలోచిస్తాడో రచయితకు తెలియదు. అలాంటి పాత్రను కథ చివర ఓడించడం కష్టం కాదు. ఆ గెలుపు మాత్రం పాఠకుడికి ఉపయోగపడదు. ఊళ్లో అతనికి ఎదురయ్యే భూస్వామి, కాంట్రాక్టరు, అధికారి కథలోవాడిలా వుండరు కనుక.

రంగారావు నటన చెప్పే సూత్రాలు రచనకు నేరుగా వర్తిస్తాయి. పాత్ర కొట్టేదాన్నిబట్టి కాక, కోరేదాన్నిబట్టి స్వభావం పట్టుకోవాలి. ప్రతి అధికారానికీ ఒక భయం వుంటుంది, దాన్ని కనిపెట్టాలి. మాట తీరే మనిషి కావాలి. సున్నపు రంగడి భాష జమీందారుకు వుండదు, మాంత్రికుడి పిలుపు కీచకుడికి రాదు. అన్నిటికంటే ముఖ్యంగా, నాయకుడి పక్కన నిలబడ్డ పాత్రకు తన కథ తనకు వుందని రచయిత నమ్మాలి. తెరమీద పది నిమిషాలే కనిపించే మనిషికీ ఆ పది నిమిషాల ముందూ వెనకా ఒక జీవితం వుంటుంది.

ఈ మార్గం రంగారావుతో ఆగిపోలేదు. 1974 జూలై 18న అతను మరణించిన మరుసటి ఏడే ‘ముత్యాల ముగ్గు’లో రావు గోపాలరావు, ముళ్లపూడి వెంకటరమణ మాటలతో, జమీందారు స్థానంలోకి కాంట్రాక్టరును తీసుకువచ్చాడు. సమాజంలో డబ్బు చేతులు మారిన సంగతిని ప్రతినాయకుడి పాత్ర ముందుగా నమోదు చేసింది. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథ సినిమాగా వచ్చినప్పుడు పి.ఎల్. నారాయణకు 1991 సంవత్సరానికి జాతీయ ఉత్తమ సహాయ నటుడి గౌరవం దక్కింది. మంచి కథ, మంచి సహాయ నటుడు కలిసినచోట తెలుగు సినిమా తన సమాజాన్ని చూడగలిగింది.

అబిడ్స్ చుట్టూ ఒకప్పుడు పాలెస్, సాగర్, జమ్రూద్ వంటి హాళ్లుండేవి. ఇప్పుడవి లేవు. రంగులద్దిన ‘మాయాబజార్’ 2010లో మళ్లీ విడుదలైంది. ఆ పాత సినిమాలు ఇవాళ విద్యార్థుల చేతిలోని ఫోన్లలోనే దొరుకుతాయి. సాహిత్య విద్యార్థులు ఈసారి చూసేటప్పుడు నాయకుణ్ణి కాసేపు వదిలి, అతని ఎదుట నిలబడ్డ మనిషిని చూడండి. అతను మాట్లాడనప్పుడు ఏం చేస్తున్నాడో చూడండి. తర్వాత మీరు రాస్తున్న కథలో రెండో పాత్ర దగ్గరికి వెళ్లి, ఇతనికి ఏం కావాలి, దేనికి భయపడుతున్నాడు అని అడగండి. జవాబు రాకపోతే ఆ కథ ఇంకా పూర్తికాలేదన్నమాట.